సీటు కింద పగులు

"ఇది గీత కాదండీ, పగులు" అంది భార్య, సైకిలు సీటు కింద గొట్టాన్ని వేలితో తడుముతూ. "తుడుస్తుంటే గుడ్డ పోగు అందులో చిక్కుకుంది. ఈ పూటకు బస్సులో వెళ్ళండి."

మిల్లు సూపర్‌వైజరు బూటు లేసు కట్టుకోవటం ఆపలేదు. "ఓహో, ఇంజనీరమ్మగారు తేల్చేశారా? పొయ్యి మీద కూర మాడుతుంటే తెలియదు గానీ, ఇనుము పగిలితే మాత్రం తెలుస్తుంది."

"మిల్లు ముందు ఆ దిగుడు రోడ్డు..."

"ఆ రోడ్డులో తొక్కేది నువ్వా, నేనా?"

ఆమె హ్యాండిల్ వదల్లేదు. అతను విసుగ్గా వంగి చూశాడు. పగులు గొట్టం చుట్టూ సగందాకా పాకి ఉంది. ఆమె చెప్పింది నిజమని తేలాక అతని ఒళ్ళు ఇంకా మండింది.

"రోజూ తోమి తోమి నువ్వే అరగదీశావు. నువ్వే తీసుకుపోయి అతికించుకురా. దారిలో ఎవరైనా అడిగితే నా పెళ్ళానివని చెప్పకు, పరువు పోతుంది."

ఎర్రటి ఎండలో ఆమె సైకిలు నడిపించుకుంటూ వెల్డింగు షాపుకు వెళ్ళింది. మిల్లు ముందు దిగుడు రోడ్డు సంగతి ఆమె చెబుతుంటే, వెల్డరు నల్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, పగులు దగ్గర సుత్తితో తట్టి చూశాడు.

"మంచిపని చేశావక్కా. ఇంకోసారి ఆ దిగుడు దిగితే సీటుతో సహా మనిషి రోడ్డు మీద ఉండేవాడు. వెనకే లారీ వస్తుంటే..." మిగతా మాట మింగేశాడు. "పైపైన అతికితే ఆగదు. ఇక్కడ కోసి, లోపల ఇంకో గొట్టం దూర్చి అతకాలి. సాయంత్రం దాకా పడుతుంది."

"ఎంతసేపైనా ఫరవాలేదన్నా. గట్టిగా చెయ్యి. ఆయన రోజూ దీని మీదే వెళ్ళాలి."

ఆమె ఫోను మోగింది. చేతులకు గొలుసు నూనె అంటుకుని ఉంది. చిటికెనవేలితో స్పీకరు నొక్కింది.

"ఏమయింది? అక్కడ నిలబడి ముక్కు చీదుతున్నావా?" అన్నాడు సూపర్‌వైజరు. అతని వెనక ఎవరో నవ్వుతున్నారు. "నీ పగులు సంగతి మావాళ్ళకి చెప్తున్నాలే. పాపం, మొగుడి మీద ఎంత ప్రేమో అంటున్నారు. ప్రేమా పాడా, నేను పోతే దీనికి ఇంత కూడు పడేసే దిక్కెవడు, అందుకే ఆ బెంగ అన్నాను. సరేనా? ఆవులించుకుంటూ నిలబడక త్వరగా కానివ్వమను."

మళ్ళీ నవ్వులు. లైను తెగిపోయింది.

వెల్డరు ఆమె మొహం చూడలేక, చేతిలోనే ఉన్న సుత్తి కోసం కింద వెతికాడు. ఆమె ఫోను తుడిచి సంచిలో వేసుకుంది. కాసేపు రోడ్డు మీద పోయే బళ్ళను చూస్తూ నిలబడింది.

"మొదలుపెట్టమంటావా అక్కా?" అని అడిగాడు వెల్డరు, రంపం అందుకుంటూ.

"కొయ్యొద్దులే అన్నా" అంది ఆమె నెమ్మదిగా. "పగులు కనబడకుండా రంగు వేసెయ్, చాలు."