మాస్టారికి ఒక్క స్టార్

"ఒక్క స్టారే కొడుతున్నా," అన్నాను కొట్లో ఫోన్ తీసి. "ఆన్‌లైన్ కాలేజీలో మాస్టార్లకు మార్కులు మనమే వేస్తాం. సగటు మూడు దాటకపోతే మాస్టారి ఉద్యోగం ఊడుతుంది."

"ఇరవయ్యేళ్ల నాటి పగా?" అంది మా ఆవిడ.

"చదువుకు పనికిరానని క్లాసులోంచి గెంటేశాడే! దీనికోసమే ఆయన కోర్సులో చేరాను."

అంతలో మాస్టారి వాయిస్ మెసేజ్ వచ్చింది.

"బాబూ, పేరు చూడగానే గుర్తుపట్టాను. నువ్వు చూసే వీడియో రోజూ పది నిమిషాలకే ఆగుతోంది. ఫారంలో కొట్టు ఉందని రాశావుగా, బేరాలొస్తాయి కాబోలు. నీకోసం పాఠాలన్నీ ఎనిమిదేసి నిమిషాల ముక్కలు చేశాను. అప్పుడు తొందరపడి గెంటేశాను. ఈసారి పాసయ్యేదాకా వదలను."

ఐదు స్టార్లూ నొక్కాను.

"పగ తీరిపోయిందా?"

"ఎక్కడ? ఉద్యోగం ఊడితే ఆయనకు నా పీడ వదిలిపోతుంది. ఉంటే ఇంకో ఏడాది నన్ను భరించాలి."