సత్రం గోడ

"మా ఎస్తేరు నవ్వతా ఉండే బొమ్మ ఒగటి ఇయ్యప్పా. ఆధార్ కార్డులో ఫోటో ఆమె మాదిరే లేదు," అన్నాడు ఎస్తేరు భర్త, గుమ్మం బయటే నిలబడి.

"రేపు రాన్నా, ఎతికి ఇస్తా," అన్నాడు మునిప్రసాద్.

వడమాలపేటలో పాత సత్రం గోడ కూలి ఎస్తేరు చనిపోయి నెల కాలేదు. ఆ గోడ నీడనే ఆమె ఇడ్లీలు అమ్మేది. మునిప్రసాద్ రోజూ పొద్దున్నే ఎదురుగా కూర్చుని, ఆ సత్రం బొమ్మ రోజుకొకటి వేసేవాడు.

బొమ్మలన్నీ నేలమీద పరిచాడు. అన్నిట్లోనూ ఎస్తేరు నవ్వుతోంది. ఆమె తల వెనకాల గోడలో బీట. మొదటి బొమ్మల్లో వెంట్రుకంత, చివరి వాటిలో వేలు దూరేంత. ఆ బీటలో నీడ చక్కగా కుదిరిందని మురిసిపోయాడే గానీ, "ఈడ కూసోవద్దక్కా" అని ఒక్కనాడూ అనలేదు.

ఆ సాయంత్రం కొత్త బొమ్మ వేశాడు. ఎస్తేరుది అదే నవ్వు. గోడకు మాత్రం బీట లేదు.

మర్నాడు ఆమె భర్త బొమ్మను రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఆమెను ఆడ కూసోబెట్టింది నేనేనని ఇన్నాళ్లూ ఏడస్తా ఉండా. ఇంత మంచి గోడ పడతాదని ఎవురికి తెలుసప్పా?"