మాంసం మానేసిన మేకపోతు

భస్మ బుధవారం పొద్దున్నే ఒక మేకపోతు నుదుటి మీద బూడిద పూసుకుని చర్చి దొడ్లోకి వచ్చింది. "ఈస్టర్ దాకా నలభై రోజులూ నేను మాంసం ముట్టను!" అని ప్రకటించింది.

"ఎంత భక్తో!" అంటూ కోళ్లు ముక్కున వేలేసుకోబోయి, చేతివేళ్లు లేక రెక్కలేసుకున్నాయి.

గోడ మీది ముసలి పిల్లికి మాత్రం ఏడుపొచ్చింది. ఫాదర్ గారు చేపలు మానేసరికి దానికి తలకాయలూ తోకలూ రావడం ఆగిపోయింది. "ఉపవాసం ఆయనది, పస్తు నాది," అని మూలిగింది.

మేకపోతు రోజూ కడుపునిండా గడ్డి మేసి, గంభీరంగా గడ్డం ఊపుతూ త్యాగం మీద ప్రసంగం చేసేది. దొడ్లోని కుక్క తన పెరుగన్నం గిన్నె పక్కన కూర్చుని వినేది.

ఈస్టర్ నాడు మేకపోతు కుక్కను అందరి ముందూ నిలదీసింది. "నేను ఒక్క ముక్క ముట్టలేదు. నువ్వేం మానేశావురా?"

కుక్క తల దించుకుంది. "నేనేం మానలేదన్నా. రోజూ పెరుగన్నం తింటూనే ఉన్నా."

"సిగ్గులేదూ! నలభై రోజులూ తిన్నావా?"

పిల్లి గోడ దిగి వచ్చి, మీసాలకంటిన పెరుగు నాక్కుంటూ జవాబిచ్చింది.

"తిన్నాడు. రోజూ సగమే."