కడిగిన పాట

పాటంతా ఉంది. చివరి లైనే లేదు.

పాడాల్సినవాడు పోయాడు. "గొంతు పట్టేసిందిరా, ఆ ఒక్క లైనూ రేపు పాడేస్తాలే" అని మెట్లు దిగి వెళ్లినవాడు, జ్వరమని పడుకుని మళ్లీ లేవలేదు.

స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి. కుట్టుమెషీన్లు బాగుచేసే షాపు మీద రెండు గదులు. ఒకదాంట్లో మైకు, గోడలకి పాత పరుపులు. రెండోదాంట్లో కంప్యూటరు, స్పీకర్లు, వాటి ముందు మన ఇంజనీరు. పోయినవాడూ ఇతనూ చిన్నప్పటి నుంచీ ఒకే బెంచీ, ఒకే అల్లరి. వాడికి పాట పిచ్చి. ఇతనికి ఆ పాటలో తప్పులు పట్టే పిచ్చి.

కొన్నాళ్లకి వాడి తల్లి ఫోన్ చేసింది.

"బతికుండగా 'ఆ గోల ఆపరా' అనడమే గానీ, ఏనాడూ కుదురుగా కూర్చుని వాడి పాట వినలేదురా. వాడు చివర పాడిందేదో ఒక్కసారి మొత్తం వినిపించు. వాడి గొంతు వింటే చాలు నాకు."

చివరి లైను లేదని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. "ఆదివారం రా పిన్నీ" అనేశాడు.

ఇక ఆ మాట అన్నప్పటి నుంచి మనిషి మనిషిలో లేడు. కన్నతల్లి వినబోయే పాట. వంక పెట్టడానికి లేకుండా ఉండాలి. వాడి పాటలో వంకలకేం కొదవ? శ్రుతి కిందకి జారిన చోటల్లా పైకి లాగాడు. లైను లైనుకీ ముందు బుస్సుమని పీల్చే ఊపిరిని కత్తిరించాడు. పళ్ల సందులోంచి వచ్చే ఈలని నొక్కేశాడు. మింగేసిన మాటలకి వేరే చోటి నుంచి ముక్కలు తెచ్చి అతికాడు. తాళానికి ఎప్పుడూ కాస్త వెనకబడేవాడు మహానుభావుడు, జరిపి సరిగ్గా కూర్చోబెట్టాడు. ఇవన్నీ వాడితో పోట్లాడి పోట్లాడి విసుగొచ్చి వదిలేసినవే. "పోరా, నీ చెవులు పాడుగాను!" అని తిట్టేవాడు వాడు. ఇప్పుడు ఆ తిట్టేవాడు లేడు.

భోజనానికి పిలవడానికొచ్చిన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది.

"అబ్బ! కడిగిన ముత్యంలా ఉందండీ."

"వాడికి నేను చెయ్యగలిగింది ఇదొక్కటే" అన్నాడు. అంటూనే భోరుమన్నాడు. ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, "మరి ఆ చివరి లైను?" అంది.

"అదే తోచట్లేదు."

"మీరే పాడెయ్యండి. అన్నయ్య గొంతు అచ్చం దించేస్తారుగా. ఫోన్లో నన్నే ఎన్నిసార్లు బురిడీ కొట్టించారు!"

"నీకేమైనా మతి పోయిందా? తల్లిని మోసం చెయ్యమంటావా?"

"సగం పాట వినిపించి పంపిస్తారా మరి?"

ఆదివారం పొద్దున్నే, తప్పు చేస్తున్నవాడిలా తలుపేసుకుని, మైకు ముందు నిలబడ్డాడు. వాడిలా పాడాలంటే వాడి వంకలతో సహా పాడాలి కదా. కళ్లు మూసుకుని, వాడిని తలుచుకుని అందుకున్నాడు. "తలుపు దగ్గరగా వేసి ఉంచు, వచ్చేస్తున్నా..."

తీరా దాన్నీ శుభ్రం చేద్దామని కూర్చునేసరికి, మెట్ల మీద చెప్పుల చప్పుడు. వాడి తల్లి వచ్చేసింది. ఆ ఒక్క లైనూ అలా పచ్చిగానే ఉండిపోయింది. అంత నున్నటి పాటకి చివర ఆ గరుకు ముక్క. ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది.

ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది. హెడ్‌ఫోన్స్ పెట్టబోతే, "ఈ చిప్పలేంట్రా" అని కసురుకుంది. అయినా పెట్టించుకుంది. ఒళ్లో చేతులు గట్టిగా పట్టుకుని, "ఊఁ, కానియ్" అంది.

పాట మొదలైంది. అతను ఆవిడ మొహం మీంచి చూపు తిప్పలేదు. ఆ మొహంలో ఏమీ కదల్లేదు. మర్యాదకి అన్నట్టు ఒకటి రెండుసార్లు తల ఊపింది. పాపం, గుండె రాయి చేసుకుని వచ్చింది అనుకున్నాడు.

చివరి లైను వచ్చింది.

ఆవిడ ఉలిక్కిపడింది. హెడ్‌ఫోన్స్ రెండు చేతులతో చెవులకేసి అదుముకుంది. అయిపోయింది, దొరికిపోయాను అనుకున్నాడు.

"ఆ ఆఖరుది మళ్లీ వెయ్యి."

వేశాడు.

"ఇంకోసారి."

వేశాడు.

"పిన్నీ... అది... నన్ను క్షమించు పిన్నీ" అన్నాడు.

ఆవిడకి ఆ మాట వినపడనే లేదు. హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకుంది. కళ్లనిండా నీళ్లు, మొహమంతా నవ్వు. అతని చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"వీడేరా! వీడే నా కొడుకు! అది సరేగానీ నాయనా, ఈ ఒక్క లైనూ వాడిచేత పాడించి, మిగతా పాటంతా ఎవరిచేత పాడించావురా?"