ఎర లేని గొట్టం

మా ల్యాబులో ఒక ప్రోటీన్‌ని ఎరగా సన్నటి పూసలకు అంటించి, దాన్ని పట్టుకునే జోడీ ఏదో వెతుకుతాం. ఆ రెండూ విడిపోతే కణం అదుపు తప్పి క్యాన్సర్ గడ్డవుతుంది. పక్కనే ఎర లేని వట్టి పూసల గొట్టం కూడా పెడతాం. అందులోనూ ఆ జోడీ ప్రోటీనే చిక్కిందంటే, అది అంటుకున్నది పూసలకే. జోడీ అన్నది మన భ్రమ.

ఆ ఉదయం రెండు గొట్టాల్లోనూ అదే చిక్కింది. ఏడాది కష్టం మట్టికొట్టుకుపోయింది.

మధ్యాహ్నం మైక్రోస్కోపు గది ఆవిడ గుర్తొచ్చింది. రోజూ క్యాంటీన్లో కిటికీ పక్క బల్ల దగ్గర నా ఎదురుగా కూర్చుని తింటుంది. నా కోసమా, బల్ల కోసమా? పాడు అనుమానం. కిందికి దిగకుండా పై వరండాలోంచి ఆ కిటికీలోకి చూశాను. అదే బల్ల, అదే కుర్చీలో ఆవిడ. మర్నాడూ అంతే.

బల్లకే అంటుకుందన్నమాట.

మూడోసారి చూడందే ఏదీ నమ్మకూడదన్నది మా పద్ధతి. మూడోరోజు బల్ల ఖాళీగా ఉంది.

ఆవిడ మెట్ల దగ్గర ఎదురైతే "తిన్నారా?" అన్నాను.

"గదిలోనే తినేశానండీ. రెండ్రోజులు మీరొస్తారేమోనని చూసి, డబ్బా మూత తియ్యకుండానే వెళ్ళిపోయాను. మీకు ఇబ్బందవుతున్నానేమో అనిపించింది. ఇక అక్కడికి రాన్లెండి."



పై వరండాలోంచి ఆవిడ వీపే కనిపిస్తుంది. డబ్బా కనిపించదు.