పేరు వేస్తే చాలు

"ఉన్నవన్నీ ఇచ్చేయండి" అన్నాడు కళ్లజోళ్ల డాక్టరు.

నిజానికి ఆయన డాక్టరేం కాదు. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే మనిషి. అందరూ పిలవగా పిలవగా ఆ పేరే నిలబడిపోయింది.

పుస్తకాల షాపాయన నవ్వాడు. "మీ పుస్తకం మీరే కొంటారా డాక్టరుగారూ? మొదటి కాపీ మీ ఆవిడే పట్టుకెళ్ళారుగా. ఇదిగో మావారి పేరు అంటూ షాపులో అందరికీ చూపించారు."

డాక్టరు పదకొండు కాపీలూ సంచిలో కుక్కాడు. ఇది ఐదో షాపు. మాసిన గడ్డం, చొక్కాకి ఒక కాజాలో పెట్టాల్సిన గుండీ ఇంకో కాజాలో. పేరొస్తే తిక్క కూడా వస్తుంది కాబోలు అనుకున్నాడు షాపాయన.

పుస్తకం పేరు 'మన చుట్టూ మొలిచేవి'. ఫొటోలూ, వాటి కింద రాతలూ అన్నీ డాక్టరువే. ఆదివారాలు కెమెరా మెడలో వేసుకుని తిరిగి, తీసినవన్నీ ఇంటర్నెట్‌లో పెట్టేవాడు. ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు, నా పేరు వేస్తే చాలు అని రాసిపెట్టాడు కూడా. ఆ మాట పట్టుకుని ఒక ప్రచురణకర్త రెండు వందల పేజీలు అచ్చేసి అమ్ముకుంటున్నాడు.

సంచి మోసుకుంటూ డాక్టరు ఆ ప్రచురణకర్త దగ్గరికే వెళ్ళాడు.

"మిగిలినవి అమ్మొద్దండీ. మీ కాళ్లు పట్టుకుంటాను."

"వాటా కావాలా?" ప్రచురణకర్త కుర్చీలో వెనక్కి వాలాడు. "ఊరికే తీసుకోమన్నది మీరే కదా సార్! పేరు వెయ్యమన్నారు, ప్రతి పేజీలో వేశాం. ఒక్క అక్షరం మార్చలేదు."

"నేను మార్చానండీ. నలభై ఏడో పేజీ. తప్పు రాశానని తెలిసి నెట్‌లో దిద్దాను. మీరప్పటికే తీసేసుకున్నారు."

"ఒక్క మాట కోసం వేల పుస్తకాలు చెత్తలో పారేస్తామా? వచ్చే ముద్రణలో చూద్దాం లెండి."

"అప్పటిదాకా ఆగకూడదండీ."

"గోరంతని కొండంత చెయ్యకండి. మీ పేరు చూసి నమ్మేవాళ్ళున్నారు. సంతోషించండి సార్."

"ఉన్నారు" అన్నాడు డాక్టరు. కళ్లజోడు తీసి తుడిచాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ మళ్ళీ తుడిచాడు.

నలభై ఏడో పేజీలో 'నిక్షేపంగా వండుకోవచ్చు' అని ఆయన రాసిన తెల్ల పుట్టగొడుగులనే పెరట్లో కోసుకొచ్చి, మావారు రాశాక ఇంకా భయమేంటని పక్కింటావిడతో నవ్వుతూ చెప్పి, వండుకుని తిన్న ఆయన భార్య మూడో రోజు ఆసుపత్రిలో చనిపోయింది.