గైడు రాలేదు

తాగుబోతు దారికి అడ్డంగా నిలబడ్డాడు.

హైమావతి టీచర్ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె వెనక ముప్పైరెండు మంది ఏడో తరగతి పిల్లలు ఆగిపోయారు.

వాడి నడుము దాకా నల్లటి బురద. తడిసిన లుంగీ. చింతనిప్పుల్లాంటి కళ్లు. మూతి చివర నురగ. మనిషి కంటే ముందు ఘాటు వాసన వచ్చింది.

పొద్దున ఎనిమిదింటికే సారా!

అది తొంభై ఆరు జనవరి. సంగారెడ్డి అవతల కొంగల మడుగులో చలికాలమంతా ఆదివారాలు బడిపిల్లలకు పిట్టల్ని చూపిస్తారు. ఫారెస్టు ఆఫీసు వాళ్ల ఉత్తరం ఆమె సంచిలోనే ఉంది. 'గైడు గేటు దగ్గర కలుస్తాడు. ఖాకీ టోపీ, మెడలో దుర్భిణి ఉంటాయి.'

అరగంట ఎదురు చూశారు. గైడు రాలేదు. కాపలా ఉండే వాచర్ కూడా లేడు. స్టూలు మీద రిజిస్టరు, దాని మీద ఒక రాయి.

పిల్లలు ఆగితేనా? నెల రోజులుగా వాళ్లకు ఒకటే ధ్యాస. చెప్పులు విప్పి, మోకాలి లోతు నీళ్లలో నడిచి, నడిమి దిబ్బ మీదికి చేరాలి. కొంగల గూళ్లు చూడాలి. అందరికీ తనే పూచీ అని సంతకం పెట్టి తీసుకొచ్చింది.

"పదండి, మనమే చూసుకుందాం" అంది చివరికి.

జమ్ముగడ్డి దాటితే నీళ్లు. జమ్ములోంచి వీడు లేచాడు.

"జరుగు" అంది.

వాడు తల అడ్డంగా ఊపాడు. ఏదో చెప్పబోయాడు. గొంతులో గరగర తప్ప మాట పెగల్లేదు.

"తాగి తాగి మాట గూడ పడిపోయింది వీనికి," అన్నాడు బస్సు డ్రైవర్ యాదన్న. "ఏయ్, జరుగు బై. పిల్లలు పోవాలె."

వాడు చేతులు బార్లా చాపాడు.

"నీ అయ్య జాగీరా?"

యాదన్న నెట్టాడు. వాడు వెల్లకిలా పడ్డాడు. పిల్లలు నవ్వారు.

పడ్డవాడు పాకుతూ వెళ్లి, జమ్ములోంచి ఒక గోనెసంచి లాక్కొచ్చి, బాట మీద బోర్లించాడు.

చచ్చిన బాతులు. కొంగలు. కళ్లు తెల్లగా తేలేసిన చేపలు. అన్నిటికీ జిగటగా నల్లటి మడ్డి. కుళ్లిన గుడ్ల కంపు.

ఒక పిల్ల అక్కడే వాంతి చేసుకుంది.

హుస్నా అనే పిల్ల హైమావతి కొంగు పట్టుకు లాగింది. "టీచర్, గది సారా వాసన గాదు. మా అబ్బా మందుల కంపెనీల డ్యూటీ దిగొస్తే గిట్లనే వస్తది."

"నోరు మూసుకో."

పిట్టల్ని చంపి సంచిలో నింపుకున్నవాడు. వాటిని పిల్లల కాళ్ల ముందు కుమ్మరించినవాడు. పదహారేళ్ల ఉద్యోగంలో ఆమె ఎవరినీ 'ఒరేయ్' అని పిలవలేదు.

"ఒరేయ్, నువ్వు మనిషివేనా? థూ!"

ఉమ్మి వాడి పాదం పక్కన పడింది.

వాడు దాన్ని చూశాడు. ఆమెను చూశాడు. రెండు చేతులూ జోడించి, ఆ చేతులతోనే గేటు వైపు చూపించాడు.

ఆ కంపులో నిలబడటం ఎవరి తరం?

"వెనక్కి పదండి" అంది.

పిల్లలు ఏడుపు మొహాలతో తిరిగారు. ఒక్కరి కాలూ తడవలేదు.

గేటు దగ్గర ఆమె రిజిస్టరు తెరిచింది. గుండ్రటి అక్షరాలతో రాసింది: 'గైడు రాలేదు. లోపల ఒక తాగుబోతు పక్షులను చంపుతున్నాడు. వెంటనే చర్య తీసుకోగలరు.'

ఇంటికి వెళ్లి తలంటు పోసుకుంది. చీరకు రెండుసార్లు సబ్బు పెట్టింది. వాసన పోయింది కానీ అసహ్యం పోలేదు.

శుక్రవారం బడికి ఒకాయన సైకిలు మీద వచ్చాడు. చంకలో రిజిస్టరు.

"కొంగల మడుగు వాచర్‌ను మేడం. మొగులయ్య అంటరు. మీ పిల్లలు ఎవ్వరు నీళ్లల్ల దిగలేదు గద?"

"లేదు. ఏం?"

"శనివారం రాత్రి ఎవరో కంపెనీ ట్యాంకర్లు తెచ్చి వాగుల ఇడిసిండ్రు. తెల్లారేసరికి గా మందునీళ్లు మడుగుల కలిసినయ్. దిగిన బర్లు నాలుగు ఆడనే పడిపోయినయ్. ఫోన్ చేసెతందుకు నేను సంగారెడ్డికి ఉరికిన."

ఆమె కిటికీలోంచి తరగతి వైపు చూసింది. ముప్పైరెండు తలలు పుస్తకాల మీదికి వంగి ఉన్నాయి.

"మరి మీ గైడు? కనీసం ఆయనైనా గేటు దగ్గరుండి చెప్పాలి కదా!"

మొగులయ్య రిజిస్టరు తెరిచి ఆమె ముందు పెట్టాడు.

"ఒక్క ముక్క జెర కొట్టేసి సంతకం వెట్టుండ్రి మేడం. అందుకే వచ్చిన. మా యాకూబ్ భాయి బుధవారం పెద్దాసుపత్రిల పాణం ఇడిసిండు. ఆయన పేరు మీద గా మాట ఉండొద్దు."

"యాకూబ్ ఎవరు?"

"గేటు కాడ ఉండుమని చెప్పిపోయిన. పిట్టలు గిలగిల కొట్టుకుంటుంటే నిలవలేకపోయిండు. టోపీ, దుర్భిణి ఒడ్డు మీద వెట్టి నీళ్లల్ల దిగిండు. మందుగాలికి గొంతు మూసుకపోయింది."

ఆమె 'తాగుబోతు' అన్న మాట దగ్గర కలం ఆనించింది.

"అది తర్వాత కొట్టేద్దురు మేడం."

మొగులయ్య వేలు మొదటి రెండు మాటల మీదికి జరిగింది.

"గైడు రాలేదని రాసిన్రు... దారికి అడ్డం నిలవడ్డది ఆయనే."